స్త్రీవాదమంటే ఎవలకేంది?

ఈమధ్య ఫోన్ల 'ఫెమినిస్ట్' అన్న మాట తిట్టు లెక్క అయింది. ఏ ఆడపిల్లన్న తన పెండ్లి గురించో, జీతం గురించో, రాత్రి బస్టాండ్ల జరిగిన ముచ్చట గురించో నాలుగు మాటలు మాట్లాడి వీడియో పెడితే చాలు, కింద యాభై మంది 'వచ్చిందిరా ఫెమినిస్ట్' అని నవ్వే బొమ్మలు పెడ్తున్నరు. పెట్టేటోళ్లు ఎక్కడోళ్లో కాదు, మన మండలాలోళ్లే. ఇంటర్ చదివినోళ్లు, డిగ్రీ నడుమల ఆపి ట్రాక్టర్ నడుపుతున్నోళ్లు, కానిస్టేబుల్ పరీక్ష కోసం పొద్దుగాల లేచి రోడ్డు మీద ఉరుకుతున్నోళ్లు. మంచి పోరగాళ్లే. ఇంట్ల అక్కకు జ్వరమొస్తే బండి మీద దవాఖానకు తీస్కపోయేటోళ్లే. మరి ఆ మాట ఇంటే ఎందుకు గంత మంట అనేది ఆలోచించాలె.

పోయిన ఎండాకాలం ఒక మండల కేంద్రంల యువజనులకు రెండు రోజుల శిక్షణ పెట్టుకున్నం. ముప్పై మంది దాకా వచ్చిండ్రు. తలా ఒక చిట్టీ ఇచ్చి, పేరు రాయకుండ, ఫెమినిజం అంటే మీకు తోచింది ఒక్క ముక్కల రాయుండ్రి అన్న. ఒక చిట్టీల 'మొగోళ్లను ద్వేషించుడు' అని ఉన్నది. ఇంకోదాంట్ల 'హైదరాబాద్ అమ్మాయిల పని'. ఒకదాంట్ల 'జీన్స్ ఏసుకునుడు, సిగరెట్ తాగుడు'. ఒకదాంట్ల 'జాబ్ చేసుడు'. ఒక చిట్టీల మాత్రం గుండ్రటి అక్షరాలతోని 'మా అమ్మకు జరిగింది నాకు జరగొద్దు' అని ఉన్నది. ఏం జరిగిందో రాయలే. మాకు చాయ్ పోసేందుకు వచ్చిన పెద్దమ్మ, నలభై ఏండ్ల సంది బీడీలు చేస్తున్న మనిషి, ఆమెను కూడ అడిగిన. అసోంటి మాట ఇననే ఇనలే అన్నది. మరి ఆడోళ్లకు ఏం కావాలె పెద్దమ్మా అంటే, 'నా పింఛను నేనే తెచ్చుకోవాలె, నేనే ఖర్చు పెట్టుకోవాలె, కొడుకు లెక్క అడుగొద్దు' అన్నది.

నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు. పదితోని ఆగింది. ఆ తర్వాత చదివింది సంఘం ఆఫీసుల, బస్సులల్ల, ఎవలో ఒకలు ఇచ్చిన పుస్తకాలల్ల. ఆ చదువుతోని నాకు సమజైంది చెప్తున్న. స్త్రీవాదానికి ఒక్కటే అర్థం లేదు, ఎన్నడూ లేకుండె. ముల్లు ఇరిగిన కాలికే సలుపు తెలుస్తది. ఎవలకు ఎక్కడ ముల్లు ఇరిగిందో అక్కడి నుంచే వాళ్లు దీని అర్థం చెప్తరు. గానీ ఆ పెద్దమ్మ పింఛను ముచ్చట, ఆ చిట్టీ రాసిన పిల్ల ముచ్చట, హైదరాబాద్ ఆఫీసుల పని చేసే అమ్మాయి ముచ్చట పక్కపక్కకు పెట్టి చూస్తే లోపల ఒక్క ప్రశ్నే కనవడ్తది. ఆమె గురించి ఫైసలా చేసేది ఎవలు? ఆమెనా, ఇంకొకలా?

ఈ మాట పరాయి దేశంది అనేటోళ్లు చానమంది. మాట అయితే నిజంగనే బయటిది. ఫ్రెంచి భాషల పుట్టి, పంతొమ్మిదో శతాబ్దంల ఇంగ్లిషులకు వచ్చింది. మనకాడ 'స్త్రీవాదం' అనుడు 1980 తర్వాతనే ఎక్కువైంది. మాట బయటిదైతే సంగతి కూడ బయటిదేనా? రేషన్ కార్డు, పెన్షన్, ఓటు, బస్సు, వీటిల ఏ మాట మనది? పాలకుర్తి కాడ చిట్యాల ఐలమ్మ తను పండించిన గింజ విసునూరు దేశ్‌ముఖ్ గడీకి పోకుండ అడ్డం నిలవడ్డప్పుడు ఆమెకు ఏ ఇంగ్లిషు మాట తెలుసు?

ఆ సాయుధ పోరాటంల తుపాకి పట్టిన ఆడోళ్ల మాటలను 1980లల్ల హైదరాబాద్‌ల స్త్రీశక్తి సంఘటన అనే సంస్థోళ్లు ఊరూరు తిరిగి రికార్డు చేసి, 1986ల 'మనకు తెలియని మన చరిత్ర' అని పుస్తకం ఏసిండ్రు. అది చదివినప్పుడు నాకు రెండు రోజులు నిద్ర పట్టలే. అండ్ల పెద్ద మనసున్న, పెద్ద ధైర్యమున్న ఆడోళ్లు ఒక్క తీరు బాధ చెప్తరు. పోరాటం నడిచినన్ని దినాలు అడవిల, దళంల మొగోళ్లతోని సమానంగ ఉన్నమని, పోరాటం బంద్ అయినంక ఇగ ఇండ్లకు పోయి పెండ్లి చేసుకోండ్రి, పొయ్యి కాడ కూసోండ్రి అన్నట్టు అయిందని. భూమి కోసం, దొర మీద కొట్లాడిన పార్టీ కూడ ఇంట్ల ఎవల మాట నడవాలె అన్నకాడికి వచ్చేసరికి పాత లెక్కనే పట్టింది. చదువుకున్న పట్నపు ఆడోళ్లకు ఆ పుస్తకం చరిత్ర. నాకు మాత్రం మా సంఘం మీటింగుల జరిగేదే కనవడ్డది. చాపలు పరిచేది, చాయ్ పెట్టేది మేము, తీర్మానం రాసేది వాళ్లు.

ఇగ దూబగుంట ముచ్చట. నెల్లూరు జిల్లాల చిన్న ఊరు. 1990ల మొదట్ల అక్షరాస్యత ఉద్యమం నడుస్తుంటే రాత్రిబడికి పోయిన కూలి ఆడోళ్లు అక్షరాలు నేర్చుకుంటనే సారా గురించి మాట్లాడుకునుడు మొదలుపెట్టిండ్రు. మొగని కూలి, తన కూలి, రెండూ పొట్లాల సారాకే పోతున్నయి. వర్ధినేని రోశమ్మ అసోంటోళ్లు ముందల నిలవడ్డరు. దుకాణం మూయించిండ్రు. అది ఊరి నుంచి ఊరికి, జిల్లా నుంచి జిల్లాకు అంటుకున్నది. సారా వేలంపాటలు జరగనియ్యలే. 1993 అక్టోబర్‌ల రాష్ట్రమంత సారా బంద్ అయింది. 1995 జనవరిల ఎన్టీఆర్ సర్కార్ మొత్తం మద్యమే బంద్ పెట్టింది. 1997ల మల్లా తెరిచిండ్రనుకో, అది వేరే కత. నాకు ముఖ్యమైంది ఏందంటే, ఆ ఆడోళ్లల్ల ఒక్కరు కూడ మేము స్త్రీవాదులం అని చెప్పుకోలే. వాళ్లు అడిగింది 'మా ఇంట్ల మా కష్టం పైసలు ఎటు పోవాల్నో చెప్పేది ఎవలు' అని. పైన నేను చెప్పిన ప్రశ్ననే. అప్పుడు నవ్వే బొమ్మ పెట్టేందుకు ఎవలకూ ధైర్యం రాకుండె.

గానీ ఆడోళ్లందరు ఒక్కటే అనుడు కూడ అబద్ధమే. ఈ మాట చెప్పింది దళిత ఆడోళ్లు. 1993ల 'నీలి మేఘాలు' అని స్త్రీవాద కవిత్వం పెద్ద సంకలనం వచ్చింది. మంచి పుస్తకం. దాని తర్వాత పదేండ్లకు, 2003ల, గోగు శ్యామల సంపాదకత్వంల 'నల్లపొద్దు' అని దళిత స్త్రీల సాహిత్యం వచ్చింది. 2006ల జూపాక సుభద్ర, గోగు శ్యామల కలిసి 'నల్లరేగటిసాల్లు' తెచ్చిండ్రు. ఎందుకు వేరే తేవాల్సి వచ్చింది? పై కులాల స్త్రీ 'నన్ను గడప దాటనియ్యి, బయటకు పోయి పని చేసుకుంట' అన్నది. ఆమెకు అది నిజమైన బాధనే. మాదిగామెకు, మాలామెకు, గడప దాటుడు ఎన్నడు ఆగింది గనుక? పుట్టినకాడి నుంచి దొర పొలంల నాటు, కలుపు, కోత. ఆమె అడిగేది బయటకు పోనియ్యమని కాదు, బయటకు పోతే నా ఒంటి మీద ఎవడూ చెయ్యెయ్యకుండ, కులం పేరు పెట్టి తిట్టకుండ, చెప్పిన కూలి చేతుల పడాలె అని. జోగిని ఆచారం చూడుండ్రి. దేవుని పేరు మీద దళిత పిల్లనే ఊరి ఉమ్మడి సొత్తు చేసిండ్రు. 1988ల దాన్ని బంద్ పెట్టే చట్టం వచ్చింది, గానీ పాలమూరు దిక్కు, నిజామాబాద్ దిక్కు దాని గాయాలు మొన్న మొన్నటిదాక ఉన్నయి. అక్కడ కులం వేరే, ఆడతనం వేరే అని ఎట్ల తీస్తవు? ముస్లిం కవయిత్రి షాజహానా 'నఖాబ్' అన్న పేరుతోని కవిత్వం రాస్తే, అండ్ల బుర్ఖా గురించి బయటోళ్లు చెప్పే తీర్పు వేరే, ఆమె చెప్పే బాధ వేరే. ఇవన్ని ఒకదాన్ని ఒకటి కొట్టేసే అర్థాలు కావు. ఒకలు చూడలేనిది ఇంకొకలు చూపించుడు.

హైదరాబాద్ అమ్మాయిల పని అని రాసిన చిట్టీకి జవాబు చెప్పాలె. ఇయ్యాల ఆఫీసులల్ల ఆడోళ్ల మీద లైంగిక వేధింపులు జరగకుండ కమిటీలు ఉండాలె అనే చట్టం ఉన్నది. ఐటీ కంపెనీలల్ల దీని మీద క్లాసులు పెడ్తరు. ఆ చట్టం ఎట్ల పుట్టింది? రాజస్థాన్‌ల భటేరి అనే ఊరు. భన్వరీ దేవి, కుమ్మరి కులపు మనిషి, సర్కార్ పథకంల ఊరి కార్యకర్త. పై కులపోళ్ల ఇంట్ల పసిపిల్ల పెండ్లి ఆపబోయినందుకు 1992ల ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995ల కింది కోర్టు వాళ్లను ఆ నేరం నుంచి విడిచిపెట్టింది. ఆడోళ్ల సంఘాలు సుప్రీంకోర్టుకు పోయినయి. 1997ల విశాఖ తీర్పు వచ్చింది, దాని మీద 2013ల చట్టం వచ్చింది. అంటే పట్నంల ఏసీ ఆఫీసుల కూసున్న అమ్మాయికి రక్షణ తెచ్చింది ఒక ఊరి బీసీ కూలిదాని పోరాటం. ఇంకొక ముచ్చట, ఈ చట్టం ఆఫీసులకే కాదు. పది మంది కన్న తక్కువ పనిచేసే కాడ, ఇండ్లల్ల పనిచేసేటోళ్లకు, జిల్లాకు ఒక స్థానిక కమిటీ ఉండాలె అని అండ్లనే రాసి ఉన్నది. మీ జిల్లాల ఆ కమిటీల ఎవలెవలున్నరో కలెక్టరేట్‌కు పోయి అడిగి చూడుండ్రి. అడిగినోడు లేడు, అందుకే చెప్పినోడు లేడు.

ఇంటిపని ముచ్చట ఒక్క మాటల చెప్పి పోత. 2019ల కేంద్ర సర్కార్ జనం రోజుల ఏ పనికి ఎంత సేపు పెడ్తున్నరని సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని ఆడోళ్లల్ల నూటికి 81 మంది చేస్తున్నరు, మొగోళ్లల్ల 26 మంది. చేసేటోళ్లల్ల కూడ ఆడమనిషి రోజుకు 299 నిమిషాలు, మొగమనిషి 97 నిమిషాలు. పొలం కాడ ఇద్దరూ ఒక్క ఎండల పని చేసి వస్తరు. ఇంటికొచ్చినంక ఒకలు మంచం మీద, ఒకలు పొయ్యి కాడ. పత్తి ఏరుడు, నాటేసుడు ఆడోళ్ల పని అని కూలి తక్కువ, గట్లు చెక్కుడు మొగోళ్ల పని అని కూలి ఎక్కువ. ఒక్క పనికి ఒక్క కూలి అని 1976లనే చట్టమొచ్చింది. అందుకే పనినే రెండు పేర్లు పెట్టి చీల్చిండ్రు. తెలివి!

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణల ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది. దాని మీద వచ్చినన్ని జోకులు దేని మీద రాలే. 'అల్లం కొననీకి సిద్దిపేట, ఎల్లిగడ్డ కొననీకి వరంగల్' అని. బస్సులు పెంచకుండ పథకం పెట్టిండ్రు, ఆటో నడిపేటోళ్ల బతుకు దెబ్బతిన్నది, ఈ రెండు మాటలు నేను కూడ అంట. గానీ ఒక్కటి ఆలోచించు తమ్మీ. మీ అమ్మ ఇంతకు ముందు తల్లిగారింటికి పోవాలంటే చార్జీ పైసలు ఎవల్ని అడిగింది? పైసలు అడుగుడంటే ఎందుకు పోతున్నవో చెప్పుడు, ఎప్పుడొస్తవో చెప్పుడు, 'ఇప్పుడు ఎందుకు' అంటే ఆగుడు. ఇయ్యాల ఆధార్ కార్డు చేతుల పట్టుకొని ఎక్కుతున్నది. నలభై రూపాయలు మిగిలినయి అనేది సర్కార్ లెక్క. అడగకుండ పోయింది అనేది ఆమె లెక్క.

ఇప్పుడు అసలు కాడికి వస్త. మా దిక్కు స్త్రీవాదం అంటే నవ్వేటోడు, నవ్వనోడు, ఆడోళ్లకు సమాన హక్కులు ఉండాలె అని స్టేటస్ పెట్టేటోడు, ముగ్గురూ ఒక్కకాడ ఆగిపోతరు. భూమి కాడ. చెల్లె చదువుకోవాలంటే సరే అంటరు. నౌకరీ అంటే సరే. నచ్చినోన్ని చేసుకుంట అంటే లొల్లి చేసి చేసి ఆఖరికి సరే అంటరు. నాయిన పేరు మీది మూడెకరాలల్ల నా పాలు అంటే మాత్రం 'ఇదేం మాట' అంటరు. నేను ఇరవై ఏండ్ల సంది చూస్తున్న. అందుకే ఎవలకన్న స్త్రీవాదమంటే ఏందో చూపించాలంటే నేను విరాసత్ కాగితం చూపిస్త.

ముందుగాల చట్టం ఏమన్నదో చెప్త. 1951 సెప్టెంబర్‌ల అంబేద్కర్ కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేసిండు. దానికి ఒక ముఖ్యమైన కారణం హిందూ కోడ్ బిల్లును పక్కకు పెట్టుడు. ఆ బిల్లుల బిడ్డకు ఆస్తి హక్కు ఉండె, విడాకుల హక్కు ఉండె. తర్వాత అది ముక్కలు ముక్కలు అయి వచ్చింది. 1956ల వారసత్వ చట్టం బిడ్డకు కొంత ఇచ్చింది గానీ తాతల నాటి ఉమ్మడి ఆస్తిల పుట్టుకతోని వచ్చే హక్కు కొడుకులకే ఉంచింది. దాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల ఎన్టీఆర్ సర్కార్ మార్చింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి బిడ్డలకు కూడ సమాన పాలు. దేశంల పెద్ద మార్పు అది. గానీ అప్పటికే పెండ్లయినోళ్లకు వర్తించదు అని పెట్టిండ్రు. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటికి కేంద్ర చట్టం వచ్చి ఆ అడ్డం కూడ తీసేసింది. పెండ్లయినా, కాకున్నా బిడ్డ బిడ్డనే. వ్యవసాయ భూమికి వేరే లెక్క అనే ముక్కను కూడ అప్పుడే కొట్టేసిండ్రు. బీనా అగర్వాల్ అనే ఆర్థికవేత్త ఆ ముక్క తీసెయ్యాలని చాన కొట్లాడింది. 2005 నాటికి తండ్రి బతికి లేకున్నా బిడ్డకు హక్కు ఉన్నదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2004 డిసెంబర్ 20 కన్న ముందు రిజిస్టర్ అయిన పంపకాలను మాత్రం మల్లా తిరగదోడరు.

ఇది హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కుల లెక్క. ముస్లింలల్ల బిడ్డకు కొడుకు పాలుల సగం. క్రిస్టియన్లల్ల ఇద్దరికి సమానం. ఆదివాసులకు, లంబాడోళ్లకు ఈ హిందూ చట్టం నేరుగ వర్తించదు, వాళ్ల ఆచారం నడుస్తది. ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసుల 2025 జులైల సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. ఆడోళ్లకు ఇయ్యొద్దనే ఆచారం ఉన్నట్టు రుజువు లేకుంటే ఆమెకు కూడ సమాన పాలు ఇయ్యాల్సిందేనని. చూసిండ్రా, భూమి హక్కు అనే ఒక్క మాట కూడ ఏ ఇంట్ల పుట్టినవు అనేదాన్ని బట్టి నాలుగు తీర్ల అయితది.

చట్టం గింత స్పష్టంగ ఉన్నది. మరి ఊర్ల ఏం జరుగుతున్నది? నాయిన కాలం చేస్తడు. కర్మకాండ అయితది. విరాసత్ చేయాలె అంటే వారసులందరి సంతకాలు కావాలె. అన్న ఫోన్ చేస్తడు. 'చెల్లె, ఒక్కసారి తహశీల్ ఆఫీసు కాడికి రా, చిన్న సంతకం ఉన్నది.' ఆమె పిల్లల్ని పట్టుకొని వస్తది. ఏ కాగితమో చదవది. మంచి చీర పెడ్తరు, పసుపు కుంకుమ పెడ్తరు, కోడి కూర పెడ్తరు. పొద్దుమీకి బస్సెక్కిస్తరు. ఆ చీర ఖరీదు రెండు వేలు, వదిలిపెట్టిన పాలు ఎకరం. మా దిక్కు ఎకరం ఏం రేటు నడుస్తున్నదో మీకే తెలుసు.

ఆమె తెలివి తక్కువదా? కాదు. ఆమె లెక్క ఆమె పక్కాగ ఏసుకున్నది. నేను చానమంది అక్కచెల్లెండ్లను అడిగిన, ఎందుకు రాసిచ్చినవ్ అని. అందరు ఒక్క జవాబే చెప్తరు. 'తల్లిగారిల్లు కావాలె గదా అక్కా.' రాఖీ పున్నమకు పోవాలె. బతుకమ్మకు పోవాలె. ఒడిబియ్యం పోసేటోళ్లు ఉండాలె. రేపు అత్తగారింట్ల కొట్టి ఎల్లగొడితే రాత్రి పన్నెండు గంటలకు తలుపు తీసేటోడు అన్ననే గదా. పాలు అడిగిన చెల్లెకు ఆ తలుపు తెరుచుకోదని ఆమెకు తెలుసు. అంటే ఆమె ఎకరం భూమి ఇచ్చి ఒక తలుపు కొనుక్కుంటున్నది. దాని పేరు మనం ప్రేమ అని పెట్టుకున్నం. ప్రేమ లేదని నేను అంటలేను, ఉన్నది. గానీ తమ్ముని మీద ప్రేమతోని అన్న ఎన్నడన్న తన పాలు రాసిచ్చిండా? అన్నదమ్ములు గెట్టు కాడ జానెడు జాగకు తలలు పగలగొట్టుకుంటరు, పదేండ్లు కోర్టుకు తిరుగుతరు, వాళ్లను ఎవలూ 'ఆశపోతులు' అనరు. చెల్లె అడిగితే ఊరంత అంటది.

తలుపు కొనుక్కునే అవసరమే లేకుండ, తన పేరు మీదనే ఒక ఇల్లు, ఒక చెల్క ఉంటే ఏమైతది? బీనా అగర్వాల్, ప్రదీప్ పండా కలిసి కేరళల తిరువనంతపురం జిల్లాల చేసిన అధ్యయనం 2005ల వచ్చింది. భూమి, ఇల్లు రెండూ లేని ఆడోళ్లల్ల నూటికి 49 మంది మొగని చేతుల దెబ్బలు తిన్నరు. రెండూ ఉన్నోళ్లల్ల నూటికి 7 మంది. దెబ్బలు తింటున్న ఆడమనిషికి 'ధైర్యంగ ఉండు' అని పోస్టులు పెట్టేటోళ్లు ఈ లెక్క ఒకసారి చదవాలె. ధైర్యం పట్టా కాగితంల ఉన్నది.

'కట్నం ఇచ్చినం గదా, ఇంక పాలెందుకు' అనే మాట మీకు ఇనవడ్తనే ఉంటది. ఇది బలమైన మాటనే, ఎందుకంటే ఆ కట్నం కోసం నిజంగనే భూమి అమ్మినోళ్లు ఉన్నరు, అప్పులపాలైనోళ్లు ఉన్నరు. గానీ ఆ పైసలు ఎవల చేతులకు పోయినయి? అల్లుని బండికి, మామ కట్టిన ఇంటికి, ఆడబిడ్డ పెండ్లికి. ఆమె చేతులకు రాలే. 1961 కట్న నిషేధ చట్టం కట్నం ఇచ్చుడు, తీసుకునుడు రెండూ నేరమన్నది, ఒకవేళ ఎవలన్న తీసుకుంటే అది ఆ ఆడమనిషికే అప్పజెప్పాలె అని కూడ అన్నది. ఇటు అన్న పాలు ఇయ్యడు, అటు మొగడు కట్నం ఇయ్యడు. రెండిండ్లు ఉండి ఆమె పేరు మీద సూది మొనంత జాగ లేదు. కట్నం బంద్ చేసి ఆ పైసలకు తగ్గ భూమి బిడ్డ పేరు మీద పెట్టుండ్రి అని నేను మీటింగులల్ల చెప్తే మొగోళ్లు నవ్వరు. నేల చూస్తరు.

భూమి పేరు మీద లేకుంటే ఆమె రైతు కూడ కాదు. ఈ ముచ్చట పోరగాళ్లు సరిగ పట్టించుకోరు. 2015-16 వ్యవసాయ లెక్కల ప్రకారం దేశంల కమతాలల్ల సుమారు 14 శాతమే ఆడోళ్లయి. విత్తనం పెట్టేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎవలో మనకు తెలుసు. 2018ల తెలంగాణల రైతుబీమా పెట్టిండ్రు, రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు. మంచిదే. గానీ పట్టా ఎవల పేరు మీద ఉంటే వాళ్లే రైతు. పొలం కాడ పాము కరిచి చనిపోయిన ఆడమనిషి పట్టాదారు కాకుంటే రైతు కింద రాదు. ఉరేసుకున్న కౌలురైతు భార్యకు, మొగని పేరు మీద కూడ భూమి లేదు గనుక, ఏదీ రాదు. అప్పు మాత్రం ఆమె పేరు మీదికి వస్తది. బాకీలోళ్లు వారసత్వం మంచిగ గుర్తుపెట్టుకుంటరు.

దొంగ కేసులు పెడ్తున్నరు గదా, 498ఏ కింద కుటుంబాలను జైళ్ల ఏస్తున్నరు గదా అని నన్ను అడిగే తమ్ముళ్లున్నరు. కొన్ని దొంగ కేసులు ఉంటయి, భూమి కేసులల్ల ఉన్నట్టు, అప్పు కేసులల్ల ఉన్నట్టు. దాని కోసమే 2014ల అర్నేశ్ కుమార్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది, ఫిర్యాదు రాంగనే పట్టుకపోవద్దు, నోటీసిచ్చి విచారించాలె అని. ఆ తీర్పు వచ్చి పదేండ్లు దాటింది, వీడియోలల్ల మాత్రం ఇంకా పాత ముచ్చటనే తిరుగుతున్నది. భయం అమ్ముడువోయినంత చట్టం అమ్ముడువోదు.

చిట్టీల 'మొగోళ్లను ద్వేషించుడు' అని రాసిన పిలగాడు రెండో రోజు సాయంత్రం నా దగ్గరకొచ్చిండు. తనే రాసిన అన్నడు. 'అక్కా, మా నాయిన పేరు మీద రెండెకరాలే ఉన్నది. ఇద్దరు అక్కలు, నేను. మూడు పాళ్లు చేస్తే నాకేం మిగుల్తది? నాకు పిల్లనెవలిస్తరు?' అని అడిగిండు. నాకు ఆ పిలగాని మీద కోపం రాలే. చిన్న రైతు ఇంట్ల ఇది నిజమైన భయం. రెండెకరాలున్న ఇంట్ల అక్కలకు పాలు అంటే వందెకరాలున్న దొర ఇంట్ల అక్కకు పాలు అన్నంత అలకగ ఉండదు. భూమి లేని మాదిగ ఇంట్లనైతే ఆ ప్రశ్నే పుట్టదు, అక్కడ అక్కకూ తమ్మునికీ ఇద్దరికీ ముందుగాల భూమే కావాలె. నేను ఒక్కటే అడిగిన. 'రెండెకరాలు ముగ్గురికి చాలదని నీకు తెలుసు. చాలనప్పుడు ఎవలు వదులుకోవాల్నో ముగ్గురు కూసోని మాట్లాడుకున్నరా? లేకుంటే అక్కలు పుట్టిన రోజే తేల్చేసిండ్రా?' ఆ పిలగాడు చానసేపు ఏం అనలే. అక్కలను ఎన్నడు అడగలే అన్నడు.

ఆడపిల్లలు ఇది చదువుతుంటే వాళ్లకు రెండు మూడు పనికొచ్చే మాటలు. మీ నాయినకు ఎన్ని సర్వే నంబర్లల్ల, ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు ఉన్నయో ముందుగాల తెలుసుకోండ్రి. పెండ్లయి పదేండ్లయినా తెల్వనోళ్లు మస్తు మంది. పట్టా పాసుబుక్కు ఫోటో ఒకటి మీ ఫోన్ల పెట్టుకోండ్రి. అది దొంగతనం కాదు. తహశీల్ ఆఫీసు కాడ ఏ సంతకమైనా చదివినంకనే పెట్టుండ్రి, చదువు రాకుంటే చదివించుకోండ్రి. 'హక్కు వదులుకుంటున్న' అని ఉంటే ఇంటికి తీస్కపోయి ఒక దినం ఆలోచిస్త అని చెప్పే హక్కు మీకున్నది. కేసు ఏయాలంటే వకీలుకు పైసలు లేవని ఆగొద్దు. 1987 చట్టం ప్రకారం ఆడోళ్లకు, ఆమ్దాని ఎంతున్నా సరే, వకీలును ఫ్రీగ ఇస్తరు. జిల్లా కోర్టుల న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటది, ఫోన్ నంబర్ 15100. ఇంట్ల కొడుతుంటే 181కు చెయ్యుండ్రి.

కేసు దాక పోతే తల్లిగారిల్లు పోతది అనే భయం మాత్రం ఏ నంబర్‌కు ఫోన్ చేసినా తీరదు. దానికి అన్నలే ఫోన్ చేయాలె. విరాసత్‌కు సంతకం పెట్టడానికి రమ్మని కాదు, 'చెల్లె, నాయిన భూమిల నీ పాలు ఎట్ల చేద్దాం, ఎప్పుడొస్తవు కూసుందాం' అని. మా మండలంల అట్ల చేసిన అన్నలు నాకు తెలిసి ఇద్దరున్నరు. ఒకలు హమాలి పని చేస్తడు, ఇంకొకలు అంగన్‌వాడీ టీచర్ మొగడు. ఆ ఇద్దరి ఇండ్లల్ల రాఖీ పున్నమకు అక్కచెల్లెండ్లు ఇప్పటికీ వస్తనే ఉన్నరు.